బొమ్మకత్తిపై మెఱుపు ఎట్లు మెఱయును?

ఇంగ్లాండులో నాటింగుహామున నున్న గేమ్స్ వర్క్‌షాప్ సంస్థవారి, 1983లో తొలుత వెలువడిన ‘వార్‌హామర్’ వంటి బల్లమీది యుద్ధక్రీడలలో, ఇంచుమించు 3 సెంటీమీటర్ల యెత్తుగల సైనికుల బొమ్మలకు ఆటగాండ్రే రంగులు వేసికొందురు. వానిలో కొన్నింటి ఖడ్గములపై మెఱుపుతీగెలు నిజముగా ప్రజ్వరిల్లుచున్నట్లు తోచును. దీపము లేనిచోట వెలుగెక్కడిది?

రంగునకు స్వయంప్రకాశము లేదు; తనపై బడిన కాంతిలో కొంత మరలించుటయే దాని పని. తెలుపును తెలుపుకంటె తెల్లగా చేయుట యెవరి తరము? కావున నేర్పరియైనవాడు తెలుపును పెంచడు, దానిచుట్టు చీకటిని పెంచును. కత్తినంతయు ముదురునీలముతో కప్పి, అది యాఱిన పిమ్మట, నీటితో పలుచన చేసిన లేతనీలమును కుంచెమొనతో శాఖోపశాఖలుగా గీచి, ఆ గీతల నడుమ మాత్రమే, వానికంటెను సన్నముగా, శుద్ధమైన తెలుపు నుంచును; కొమ్మలు చీలుచోట నొక చుక్క యధికము. సుమారు 30,000 డిగ్రీల వేడిమికి చేరు నిజమైన మెఱుపునందును నడుమ తెలుపు, అంచున నీలిచాయ కానవచ్చుటచే మన కన్ను సులభముగా మోసపోవును.

గీతలు ఱంపపుపండ్లవలె సమానముగా నుండరాదు. చాలమంది చెడగొట్టునది యిక్కడనే. కత్తిపట్టిన చేతిపైని, కవచపు అంచులపైని నీలికాంతి పడినట్లు పలుచగా పూయుటయు గలదు గాని, ఇందు లోభమే మేలని నా మతము: అంతటను వెలుగు నింపినచో కత్తి వెలవెలబోవును.