బొమ్మ సైనికులకు రంగులు, పీఠాలు: చందుర్తి యుద్ధం ఉదాహరణగా

యుద్ధాన్ని నియమాలతో బల్లమీద ఆడే ఆటను వార్‌గేమ్ అంటారు. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ ప్రచురించిన ఆటలో దళాలకు బదులు రంగు దిమ్మలను పటంమీద జరిపేవారు. 1913లో హెచ్.జి. వెల్స్ తన ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో పిల్లల బొమ్మ సైనికులతో పెద్దలు ఆడుకోదగిన నియమాలు ఇచ్చాడు. నేడు ఎక్కువగా వాడే బొమ్మ పాదం నుంచి కంటి వరకు సుమారు 28 మి.మీ. ఉంటుంది. దాన్ని సీసం, తగరం కలిసిన లోహంతోనో, గట్టి ప్లాస్టిక్‌తోనో పోతపోస్తారు. దానికి రంగు వేయవలసింది, పీఠం అమర్చవలసింది ఆడేవారే.

చరిత్ర చదువుకునే మీకు ఈ పనితో ఏమి అవసరం అని అడగవచ్చు. బొమ్మకు వేసిన ప్రతి రంగూ గతం గురించి చేసిన ఒక ప్రకటన. వ్యాసంలో తెలియని చోటును దాటవేయవచ్చు. బొమ్మమీద కోటుకు ఏదో ఒక రంగు వేయక తప్పదు. ఇది ఎంత ముఖ్యమో మన ప్రాంతంలో జరిగిన ఒక యుద్ధం ద్వారా చూద్దాం.

ఎర్రకోటు చేసిన పని

1758 నాటికి ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి అధీనంలో ఉన్నాయి. వారిని ఎదిరించిన విజయనగరం రాజు ఆనందగజపతి ఆంగ్లేయుల సాయం కోరగా, క్లైవు బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఆ ఏడు డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద ఫోర్డ్ సేన, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన తలపడ్డాయి.

ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాలు సిపాయిలు ఎర్రకోట్లు తొడిగారు. అంతకుముందు ఏడాది క్లైవు కలకత్తాలో ఏర్పరచిన సిపాయి పటాలానికి ‘లాల్ పల్టన్’ అనే పేరు వచ్చింది కూడా ఈ కోట్ల వల్లనే. ఫ్రెంచివారి దృష్టిలో ఎర్రకోటు అంటే ఆంగ్లేయ సైనికుడు. ఫోర్డ్ దగ్గరున్న అసలు ఐరోపా పటాలం ఏపుగా ఎదిగిన పైరు చాటున ఉండిపోయింది. ఫ్రెంచి పటాలం ఎర్రకోట్ల సిపాయిలనే ఆంగ్లేయులనుకుని వారిమీద పడింది. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచామనుకున్న ఫ్రెంచివారు వరుస తప్పి తరుముతుండగా పైరు చాటు పటాలం పక్కనుంచి కాల్చింది. యుద్ధం అక్కడే తిరిగిపోయింది.

ఇప్పుడు ఈ సిపాయిలకు మీరు తెల్ల దుస్తులు వేశారనుకోండి. బొమ్మ చూడముచ్చటగానే ఉంటుంది, కాని కాన్‌ఫ్లాన్స్ ఎందుకు పొరబడ్డాడో బల్లమీద ఎవరికీ అర్థం కాదు.

రంగు వేసే క్రమం

ముందుగా పోత గీతలను సన్నని ఆకురాయితో తీసి, బొమ్మను సబ్బునీటితో కడిగి ఆరనివ్వాలి. సీసం ఉన్న బొమ్మలను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. కుంచె మొనను నోటితో తడిపే అలవాటుంటే మానండి. తరువాత ప్రైమర్ పూయాలి. ప్రైమర్ లేకపోతే లోహంమీద అక్రిలిక్ రంగు గోరు తగిలితే రాలిపోతుంది.

ఇక ఎరుపు. ఏ ఎరుపు? ఆ కాలపు బ్రిటిష్ సైన్యంలో సాధారణ సైనికుల కోట్లకు మంజిష్ఠ జాతి వేరు నుంచి తీసిన రంగు వేసేవారు. అది కాస్త ఇటుక ఛాయకు దిగుతుంది. అధికారుల కోట్లకు కోచినీల్ పురుగుల నుంచి తీసిన ఖరీదైన, నిగారింపు ఉన్న ఎరుపు. ఐరోపా పటాలంలో ఇద్దరికీ ఒకే సీసాలోని ఎరుపు వేస్తే హోదా తేడా పోతుంది. ఎండలో వానలో నెలలు నడిచిన కోటు కొత్త కోటులా మెరవదని కూడా గుర్తుంచుకోండి.

చిన్న వస్తువుమీద రంగు అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది. అందువల్ల అసలు కోటు ఛాయకన్నా కొంచెం లేత రంగు వేయాలి. మడతల్లో నీడ కోసం పల్చటి గోధుమరంగు వాష్ పోనివ్వాలి, ఎత్తుభాగాలమీద లేత గీత గీయాలి. ఎరుపును లేతపరచడానికి తెలుపు కలపకండి, గులాబీ అయిపోతుంది. చిటికెడు నారింజ చాలు. దుకాణంలో ‘చర్మపు రంగు’ పేరుతో దొరికే సీసా చాలావరకు ఐరోపావారి చర్మానిదే. సిపాయి ముఖానికి ముదురు గోధుమతో మొదలుపెట్టి, ఎర్రమట్టి ఛాయ, ఆపైన పసుపు కలిసిన గోధుమ వేయండి. ఇక్కడ కూడా తెలుపు కలిపితే ముఖం బూడిద పూసినట్టుంటుంది. కనుగుడ్లు గీయాలన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది, 28 మి.మీ. బొమ్మకు కంటి చోట నీడ ఉంటే సరిపోతుంది, గుడ్లు గీస్తే ఉలిక్కిపడినట్టు కనిపిస్తాయి. చివర మెరుపులేని వార్నిష్.

పీఠం, నేల

పీఠం అంటే బొమ్మ నిలబడే పలక. ఒక్కో బొమ్మ 20 మందికి ప్రతినిధి అనుకుంటే, ఫోర్డ్ వద్ద ఉన్నారని చెప్పే 1,900 మంది సిపాయిలకు 95 బొమ్మలు, 470 మంది ఐరోపావారికి 23 లేదా 24 బొమ్మలు కావాలి. ఇన్నింటిని విడివిడిగా జరపలేం కనుక ఆరేడింటిని రెండు వరుసల్లో ఒకే పలకమీద అతికిస్తారు. పలక వెడల్పు పటాలం ఆక్రమించే నేలను చూపుతుంది. అందువల్ల రెండు పక్షాలకూ ఒకే కొలత ఉండాలి. లేకపోతే అంగుళం తేడా ఒక పక్షానికి అన్యాయమైన లాభం ఇస్తుంది.

పలకమీద ఫెవికాల్ రాసి, జల్లించిన ఇసుక చల్లి, ఆరాక మట్టిరంగు పూయాలి. తడి దాదాపు లేని కుంచెతో లేత ఛాయను పైపైన రాస్తే గరుకుతనం తేలుతుంది. నిజమైన మట్టే వాడతామనేవారు ఉన్నారు. జిగురు తగిలితే అది బాగా నల్లబడుతుంది కనుక ఎలాగూ పైన రంగు వేయాల్సిందే. ఐరోపా పచ్చికబయలును పోలిన దట్టమైన ఆకుపచ్చ గడ్డిని మాత్రం చందుర్తి బొమ్మలకు అంటించకండి.

పైరును పలకలకు అతికించవద్దు, విడిగా తయారుచేయండి. కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ ముక్కలు కోసి ఆకుపచ్చ, పసుపు పూస్తే చేను సిద్ధం. దాని ఎత్తు బొమ్మ తలకన్నా ఎక్కువగా, కనీసం 35 మి.మీ. ఉండాలి. చేను మోకాలెత్తే ఉంటే ఫోర్డ్ ఐరోపా పటాలం కాన్‌ఫ్లాన్స్‌కు ముందే కనబడిపోతుంది.

అభ్యాసం: ఇదే యుద్ధంలో పాల్గొన్న ఆనందగజపతి సైనికుల బొమ్మలు మీకు ఇచ్చారనుకోండి. తలపాగా, అంగీ, నడికట్టు, ఆయుధం, చర్మం, నేల — ఒక్కోదానికి ఏ రంగు వేస్తారో రాయండి. దాని ఎదురుగా ఆ రంగుకు ఆధారం సమకాలిక రచనా, చిత్రమా, నేటికీ మిగిలిన వస్త్రమా, లేక మీ ఊహా అన్నది గుర్తించండి. ఊహ అని రాసుకున్న బొమ్మల పలక అడుగున ఆ మాట పెన్సిల్‌తో రాసిపెట్టండి.