ఆయాసమని కూర్చుంటే కాళ్లు కరిగిపోతాయి

బనగానపల్లె పేరు చెబితే మామిడి తర్వాత గుర్తొచ్చేది నాపరాయి. ఆ రాయి తీసి, కోసి, నునుపు చేసే పనిలో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చిన వారికి ఊపిరితిత్తుల జబ్బు ముప్పు ఉంటుంది. బీడీ, చుట్ట, కట్టెల పొయ్యి పొగ కూడా ఇందుకు కారణాలే. వయసు మళ్లాక నాలుగడుగులు వేస్తే ఆయాసం. అందుకని చాలామంది మంచం దిగరు. చేటు అక్కడే ఉంది.

పనిలేని కండ కరిగిపోతుంది. ముఖ్యంగా తొడ కండలు సన్నబడతాయి. ప్రాణవాయువును బాగా వాడుకునే కండపోగులు తగ్గుతాయి. దాంతో కొద్ది పనికే కండలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. కాళ్లు పీకుతాయి, ఊపిరి వేగం పెరుగుతుంది. అంటే ఆయాసంలో కొంత పాలు కాళ్లదే.

పాడైన ఊపిరితిత్తి మళ్లీ బాగుపడకపోయినా కండను పెంచుకోవచ్చు. 1990లో అమెరికాలో 90 ఏళ్ల ప్రాయపు వృద్ధులు 8 వారాలు బరువులతో కసరత్తు చేస్తే వారి కాళ్ల బలం రెండింతలు దాటింది.

ఇంట్లో గట్టి కుర్చీ, నీళ్ల చెంబు చాలు. గోడకు ఆనించిన కుర్చీలోంచి 8 నుంచి 12 సార్లు నెమ్మదిగా లేచి కూర్చోవాలి. నిండు చెంబును మోచేయి మడిచి అన్నిసార్లే ఎత్తి దించాలి. లేచేటప్పుడు, ఎత్తేటప్పుడు పెదవులు సున్నాలా చుట్టి గాలి వదలాలి. ఊపిరి బిగబట్టరాదు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడుపు ఉండాలి. తిండిలో పప్పు, గుడ్డు, పాలు తగ్గరాదు.

మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. వాడుతున్న మందులు మానరాదు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపాలి. బీడీ మానడం మాత్రం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.