రాగి తీగ కాల్చితే గ్రేడూ పోతుంది, గాలీ పోతుంది

పాత ఇంటి వైరింగ్ పీకి పది కిలోల తీగలు స్క్రాప్ షాపుకు తీసుకెళ్తే, ధరను తేల్చేది తూకం ఒక్కటే కాదు. అది ఏ రకం రాగి అన్నది కూడా. అంతర్జాతీయ తుక్కు వ్యాపారంలో ఆ రకాల పేర్లు వింతగా ఉంటాయి: బార్లీ, బెర్రీ, బిర్చ్, డ్రీమ్. టెలిగ్రాం రోజుల నాటి ఈ సంకేత పదాలను అమెరికా తుక్కు వర్తకుల సంఘం ఇప్పటికీ వాడుతోంది. ‘ఇస్రీ’గా పేరున్న ఆ సంఘం 2024లో ‘రీసైకిల్డ్ మెటీరియల్స్ అసోసియేషన్’గా మారింది.

అన్నిటికన్నా పైన ఉండేది బార్లీ. పూత గానీ, వేరే లోహం గానీ కలవని మెరిసే తీగ ఇది. మందం కనీసం 16 గేజ్, అంటే దాదాపు 1.29 మిల్లీమీటర్లు ఉండాలి. అంత మెరుపు లేకపోయినా శుభ్రంగా, అదే మందంతో ఉంటే బెర్రీ. సుమారు 96 శాతం రాగి ఉండే కలగలుపు సరుకు బిర్చ్. పాత రేకులు, కాగుల వంటి పల్చటి రాగి డ్రీమ్ కింద పోతుంది; అక్కడ లెక్క 92 శాతం.

నాలుగు శాతానికే అంత తేడానా అంటే, అవును. శుభ్రమైన తీగను నేరుగా కరిగించి కడ్డీలు పోయొచ్చు. టంకంలోని తగరం, సీసం కలిసిన సరుకును మాత్రం మళ్లీ శుద్ధి చేయాలి. కరెంటు తీగకు వాడే రాగిలో భాస్వరం, ఇనుము అతి స్వల్పంగా ఉన్నా విద్యుత్ వాహకత పడిపోతుంది.

అసలు చిక్కు ప్లాస్టిక్ తొడుగు దగ్గరే. ఒలవడానికి గంటలు పడుతుంది, తగలబెడితే నిమిషాల్లో పోతుంది. కానీ మంటలో తీగ పెళుసుబారుతుంది, బూడిద అంటుకుంటుంది. పెళుసెక్కిన కాలిన తీగను బెర్రీయే కాదు, బిర్చ్ నిబంధన కూడా ఒప్పుకోదు. పైగా పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. అది కాలేటప్పుడు విషపూరిత డయాక్సిన్లు ఏర్పడటానికి రాగే ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. ఢిల్లీ శివారు మండోలి లాంటి చోట్ల ఈ పొగ కొత్తది కాదు.

నష్టమని తెలిసీ ఎందుకు కాలుస్తారు? ఇళ్లలో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 22 ఉంటాయి. ఎంత ఓపిగ్గా ఒలిచినా అది బార్లీ కాలేదు. అంటే పై గ్రేడు ధర ఆశ చూపి నిప్పును ఆపగలిగేది లావు తీగల దగ్గరే. సన్న తీగలకు ఒలిచే యంత్రం అందుబాటులో లేకుంటే నిషేధం కాగితానికే పరిమితం. తూత్తుకుడి స్టెరిలైట్ కర్మాగారం 2018లో మూతపడ్డాక శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసే స్థితి నుంచి దిగుమతి చేసుకునే స్థితికి వచ్చిన దేశానికి, ఈ సన్న పోగులూ తక్కువ సంపదేమీ కాదు. ఇనుమేతర లోహాల తుక్కుపై ఉత్పత్తిదారులకు బాధ్యత పెడుతూ కేంద్రం 2025లో నోటిఫై చేసిన నిబంధనలకు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1.

అమ్మేవారికి మోసం కూడా ఎదురవుతుంది, కొనేవారికీ అంతే. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ పైకి ఎర్రగానే ఉంటుంది, కోసి చూస్తే లోపల తెల్లగా కనబడుతుంది. తగరం పూసిన రాగి దీనికి తలకిందులు: పైన తెలుపు, లోపల ఎరుపు. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే. తొడుగున్న వైరైతే మీటరు ముక్క కోసి తూచి, ఒలిచి మళ్లీ తూచాలి. 100 గ్రాముల ముక్కలో 60 గ్రాముల రాగి తేలితే, బేరం ఆడాల్సింది ఆ 60 శాతం మీదే.