ఆ గడిలో ఏం రాశారు?

ఎన్నికల రోజుల్లో పేపరు లోపలి పేజీలు తిరగేస్తే ఎక్కడో ఓ మూల చిన్న పట్టిక కనిపిస్తుంది. అభ్యర్థి పేరు, కోర్టు పేరు, కేసు నంబరు, సెక్షన్లు, కేసు ఏ దశలో ఉందన్న వివరం. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక, ప్రచారం ఆగేలోపు మూడుసార్లు దీన్ని ప్రచురించాలి. అక్షరాల సైజు 12 పాయింట్లకు తగ్గకూడదు. పేజీ తిప్పేసే చేతులే ఎక్కువ.

ఇది క్రిమినల్ కేసులున్న అభ్యర్థి చెప్పుకోవాల్సిన సంగతి. దీనికంటే ఆసక్తికరమైన కాగితం ఇంకొకటుంది. అది టికెట్టు ఇచ్చిన పార్టీ రాసివ్వాల్సిన సంజాయిషీ. పేరు ఫారం సీ-7.

అందులో రెండు గడులు చదివి తీరాలి. ఈ అభ్యర్థిని ఎందుకు ఎంపిక చేశారు? కేసులు లేని మరొకరిని ఎందుకు ఎంపిక చేయలేకపోయారు? ఊళ్లో రచ్చబండ దగ్గర ఎవరైనా అడిగే ప్రశ్నలే ఇవి. వాటిని ఫారంలోకి ఎక్కించింది సుప్రీంకోర్టు. జస్టిస్ నారిమన్, జస్టిస్ రవీంద్ర భట్ ధర్మాసనం 2020 ఫిబ్రవరి 13న ఇచ్చిన ఆదేశం అది. చదువు, సాధించిన పనులు, యోగ్యత చూపించి జవాబు చెప్పాలి. గెలుస్తాడని ఇచ్చామంటే చెల్లదు. గెలుపు గుర్రాల వేటలోనే టికెట్లు పంచే దేశంలో ఇంత సూటిగా అడిగిన కాగితం అరుదు. ఎంపిక జరిగిన 48 గంటల్లో ఓ స్థానిక భాషా పత్రికలో, ఓ జాతీయ పత్రికలో, పార్టీ సోషల్ మీడియా ఖాతాల్లో జవాబు రావాలి. 72 గంటల్లో ఎన్నికల సంఘానికి నివేదిక చేరాలి.

మరి పార్టీలు ఏం రాస్తున్నాయి? ప్రజాదరణ ఉంది. సేవాభావం ఉంది. కేసులు రాజకీయ కక్షతో పెట్టినవి. ఇలాంటి మాటలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మూడో మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. బంద్ రోజు రోడ్డు మీద కూర్చున్నందుకు పెట్టిన కేసూ, హత్యాయత్నం కేసూ ఒకే పట్టికలో వరుసగా ఉంటాయి. మొదటిదాని గురించి వివరంగా రాస్తే ఓటరు అర్థం చేసుకుంటాడు. రెండోదాని గురించీ అంతే వివరంగా రాయాల్సి వస్తుంది. గడి ఉన్నది అందుకే. అందరికీ ఒకే వాక్యం అతికించినప్పుడు ధర్నా చేసినవాడికి అన్యాయం జరుగుతుంది, కత్తి పట్టినవాడికి ముసుగు దొరుకుతుంది.

2020 బీహార్ ఎన్నికల్లో ఈ ఆదేశాన్ని సరిగా పాటించనందుకు 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఎనిమిది పార్టీలకు జరిమానా వేసింది. ఆరింటికి లక్ష చొప్పున, రెండింటికి ఐదేసి లక్షలు. ఒక్క నియోజకవర్గంలో పెట్టే ఖర్చు తెలిసినవాళ్లకు ఈ అంకె ఎంత చిన్నదో చెప్పక్కర్లేదు.

ఈ కాగితాల వెనకున్న చరిత్ర క్లుప్తంగా: అభ్యర్థుల కేసులు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది. పార్లమెంటు చట్టం మార్చి అడ్డుకోబోయింది, 2003 మార్చి 13న కోర్టు ఆ సవరణను కొట్టేసింది. రెండేళ్లు, ఆపైన శిక్షపడితే చట్టసభ సభ్యుడి పదవి వెంటనే పోవాలని 2013 జులై 10న లిలీ థామస్ కేసులో తేల్చింది.

అయితే శిక్ష పడాలి కదా. ఓబుళాపురం అక్రమ గనుల తవ్వకం కేసును సీబీఐ నమోదు చేసింది 2009 డిసెంబరులో. హైదరాబాద్ సీబీఐ కోర్టు తీర్పు వచ్చింది 2025 మే 6న. ఈ మధ్యలో, ఆ కేసులో నిందితుడైన గాలి జనార్దన్ రెడ్డి సొంత పార్టీ పెట్టారు, 2023లో కర్ణాటకలోని గంగావతి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. ఏడేళ్ల శిక్ష పడగానే సభ్యత్వం పోయింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను నిలుపుదల చేసింది.

అదే ఓ కుర్రాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి వెళ్తే? అటెస్టేషన్ ఫారంలో కేసు దాస్తే ఉద్యోగం పోవచ్చు. నిజం చెప్పినా అతని పూర్వచరిత్ర చూసి తీసుకోకుండా ఉండే అధికారం యాజమాన్యానికి ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణలో కేసు ఉంటే పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. శాసనసభకు వెళ్లడానికి మాత్రం అఫిడవిట్‌లో రాస్తే చాలు. అందులో అబద్ధం రాసినా ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద గరిష్ఠ శిక్ష ఆరు నెలలు, లేదా జరిమానా, లేదా రెండూ.

బాక్సు: జైలు గోడకు అటూ ఇటూ

2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 251 మంది తమపై క్రిమినల్ కేసులున్నాయని ప్రకటించారని అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) సంస్థ లెక్కతేల్చింది. 2019లో వీరు 233 మంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, 4,34,302 మంది ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలే. జైల్లో ఉన్నంతకాలం ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 62(5) ప్రకారం వాళ్లు ఓటు వేయలేరు. అదే జైలు నుంచి నామినేషన్ వేయడానికి ఆ చట్టానికి 2013లో చేసిన సవరణ దారి తెరిచే ఉంచింది.