పడవలో లీకు

మెమొరీ లీక్‌తో కుస్తీ పట్టని ప్రోగ్రామరు మనలో ఉండడు. రాత్రి రెండింటికి సర్వర్ చతికిలపడుతుంది. ఎక్కడ కారుతోందో వెతికే టైమూ ఉండదు, ఓపికా ఉండదు. రోజూ అర్ధరాత్రి దాన్ని రీస్టార్ట్ చేసే చిన్న స్క్రిప్టొకటి రాసి పడేసి హాయిగా నిద్రపోతాం. నేనూ ఆ బాపతే. ఇదే పద్ధతి పడవలో పనికొస్తుందా అన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు, 2023 జూలై దాకా.

ఆ ఏడాది వసంతంలో అట్లాంటాలో మేం మూడు కుటుంబాలవాళ్ళం కలిసి ఒక పాత జెట్ బోటు కొన్నాం. అప్పటికే పదిహేనేళ్ళ బండి. చాటహూచీ నదికి అడ్డంగా బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టినప్పుడు, 1950లలో ఏర్పడిన లేక్ లానియర్ మాకు అరగంట దూరం. జెట్ బోటే ఎందుకంటే దానికి బయట తిరిగే ప్రొపెల్లర్ రెక్కలుండవు. పిల్లలు నీళ్ళలో దూకినా కాళ్ళకు తగులుతాయన్న భయం తక్కువ. (అలాగని ఇంజను నడుస్తుండగా వెనక్కి వెళ్ళకూడదు. కింద నీళ్ళు పీల్చే నోరు జుట్టునీ తాడునీ కూడా పీలుస్తుంది.)

జెట్ బోటంటే ఏదో విమానం లాంటిదనుకునేరు. అది పడవలో బిగించిన పంపుసెట్టు, అంతే. అడుగునున్న జాలీ గుండా నీళ్ళు పీల్చుకుని, ఇంపెల్లర్‌తో తిప్పి, వెనక సన్నటి నాజిల్‌ గుండా చిమ్ముతుంది. నీళ్ళు వెనక్కి, పడవ ముందుకి. దీన్ని వాడుకలోకి తెచ్చిన బిల్ హామిల్టన్ కూడా న్యూజిలాండులో గొర్రెలు పెంచే రైతే. అక్కడి లోతులేని, రాళ్ళు నిండిన నదుల్లో ప్రొపెల్లర్లు విరిగిపోతుంటే 1950లలో ఈ దారి పట్టాడు. 1960లో ఆయన బోట్లు గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నదికి ఎదురెక్కి చూపించాయి.

మరి పంపుసెట్టుకున్న పాత జబ్బు దీనికీ ఉండాలి కదా! ఇంజను పొడి గదిలో ఉంటుంది, ఇంపెల్లర్ నీళ్ళలో ఉంటుంది. రెంటినీ కలిపే షాఫ్ట్ మధ్యలో గోడకు పెట్టిన రంధ్రం గుండా పోవాలి. షాఫ్ట్ తిరుగుతూ ఉండాలి, నీళ్ళు మాత్రం రాకూడదు. మన పొలాల్లో పంపుకి ఇక్కడే గ్లాండ్ ఉంటుంది, గ్రాఫైటు పూసిన తాడు చుట్టి బిగిస్తారు. అది చుక్క చుక్క కారినా ఫరవాలేదు, పడేది నేలమీదే. మా బోటులో ఆ చోట ఒక అల్యూమినియం హౌసింగ్ ఉంది. దాని లోపల ఒక బాల్ బేరింగు, నీళ్ళవైపు రెండు రబ్బరు సీళ్ళు, ఇంజనువైపు ఒకటి, మధ్యంతా గ్రీజు. పైగా మా బోటుకి గేర్‌బాక్సు లేదు. ఇంజను స్టార్టయిన క్షణం నుంచి ఆపేదాకా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నా సీలు అరుగుతూనే ఉంటుంది.

లోపలికొచ్చిన నీళ్ళన్నీ పడవ అడుగున బిల్జ్ అనే గుంటలో చేరతాయి. అక్కడ ఒక చిన్న పంపు. నీళ్ళు కాస్త లేవగానే దానంతటదే నడిచి తోడి పారేస్తుంది. మా పంపు మీద గంటకి 500 గేలన్లని రాసుంది. ఎత్తుకి తోడాలి, వైరు సన్నం, కాబట్టి అసలు లెక్క అంతకంటే తక్కువే ఉంటుంది. ఆ రాసిందే నిజమనుకుందాం. గంటకి 5 గేలన్లు కారుతోందంటే పంపు నడిచేది గంటలో 36 సెకన్లు. పాటలు పెట్టుకుని, పకోడీలు తింటూ కూర్చున్నవాళ్ళకి ఆ 36 సెకన్లు ఏం వినిపిస్తాయి?

జూలైలో ఒక ఆదివారం సాయంత్రం వెనక్కి వస్తుంటే బోటు వేగం అందుకోలేదు. ముక్కు పైకెత్తి, వెనక భాగం కూలబడి ఈడుస్తోంది. ఇంజను మూత తీసి చూద్దును కదా, లోపల మోకాలి ఎత్తుకి కాస్త తక్కువగా నీళ్ళు. తిరిగే షాఫ్ట్ వాటిని నాలుగువైపులా చిలకరిస్తోంది. పంపు నోట్లో చెత్త ఇరుక్కుని ఫ్యూజు పోయింది. గేలన్ నీళ్ళ బరువు 8.34 పౌన్లు. 40 గేలన్లు చేరితే ఇద్దరు పెద్దవాళ్ళు అదనంగా వెనక కూర్చున్నట్టే. బోటులో నలుగురు పిల్లలు. అందరికీ లైఫ్ జాకెట్లున్నాయి, కానీ మా చిన్నదానికి అప్పుడు నాలుగేళ్ళు. పులిహోర తెచ్చిన గిన్నెతో తోడుతూ, నెమ్మదిగా నడుపుకుంటూ ర్యాంపు చేరేసరికి చీకటిపడింది. దారిలో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు మా మిత్రుడొకాయన చెత్త తీసి, కొత్త ఫ్యూజు వేసి, పంపు నడిచిందని ఫోన్ చేశాడు. "కావాలంటే ఇంకొంచెం పెద్ద పంపు వేద్దాం" అన్నాడు. రెండో ఆయన, "సీజన్ అయిపోగానే అమ్మేద్దాం, కొనుక్కున్నవాడు చూసుకుంటాడు" అన్నాడు. నాకు కోపమొచ్చిన మాట నిజమే. కానీ ఆఫీసులో రెండేళ్ళుగా రోజూ రాత్రి సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తున్న స్క్రిప్టు నాది. ఏ మొహం పెట్టుకుని అరవను? విప్పి చూసేదాకా పిల్లల్ని ఎక్కించనని మాత్రం చెప్పాను. ఒక వారం మా మధ్య మాటలు తగ్గాయి.

ముందు డీబగ్గింగ్. బిల్జ్ అంతా స్పాంజితో తుడిచి పొడి చేసి, అనుమానమున్న ప్రతి అతుకు కిందా పేపర్ టవల్ పరిచాను. బోటుని ట్రైలర్‌కి కట్టేసే ఉంచి, ర్యాంపు మీద నుంచి వెనక భాగం మునిగేదాకా దింపాం. అయిదు నిమిషాల్లో షాఫ్ట్ కింది టవల్ తడిసింది. అసలు సాక్ష్యం మాత్రం గోడమీద ఉంది. షాఫ్ట్ తిరిగేటప్పుడు నీళ్ళని విసిరేస్తుంది కాబట్టి, దానికి సరిగ్గా ఎదురుగా పక్క గోడమీద గోధుమరంగు గీత ఒకటి ఏర్పడింది. హౌసింగ్ నుంచి వచ్చే గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. గ్రీజు ఆ రంగుకి తిరిగిందంటే నీళ్ళు కలిశాయన్నమాట.

బ్యాటరీ వైర్లు పీకేసి, వెనక పంపు ఊడదీసి, షాఫ్ట్ బయటికి లాగాను. ఆ పని కంటే స్టీరింగు కేబుల్ నట్టు విప్పడానికే ఎక్కువ సేపు పట్టింది. హౌసింగ్ చుట్టూ లోపలివైపు నుంచి రెండు పొరలుగా సీలెంటు పూసి ఉంది. అంటే మాకు అమ్మినాయన కూడా కొనుక్కున్నవాడే చూసుకుంటాడని అనుకున్నాడు. ఆ ఫొటో మిత్రులకి పంపాను. అమ్మే మాట మళ్ళీ రాలేదు.

బేరింగు తుప్పుపట్టి గరగరమంటోంది. దానిమీద నంబరు 6205. ఈ నంబర్లలో నాకు నచ్చే విషయమొకటుంది. చివరి రెండంకెల్ని అయిదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది, 25 మిల్లీమీటర్లు. అట్లాంటాలో కొన్నా, విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా అదే కొలత. స్టాండర్డంటే అలా ఉండాలి! హౌసింగ్‌ని వేడిచేసి, బేరింగుని చల్లబరిస్తే తేలిగ్గా కూర్చుంటుంది, ఎందుకంటే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. 52 మిల్లీమీటర్ల రంధ్రం 80 డిగ్రీల వేడికి పెరిగేది మిల్లీమీటరులో పదో వంతే, కానీ సుత్తి అవసరం లేకుండా చెయ్యడానికి అది చాలు. ఫ్రీజర్‌లో గోంగూర పక్కన బేరింగుని చూసి మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ అనవసరం.

సీళ్ళు మార్చి, స్ప్రింగు ఉన్న వైపు నీళ్ళకేసి తిప్పి బిగించి, గర్వంగా ర్యాంపుకి తీసుకెళ్ళాను. టవల్ మళ్ళీ తడిసింది.

మా మేనమామకి ఆటోనగర్‌లో వర్క్‌షాపుంది. వీడియో కాల్‌లో చూపిస్తే, అంతా విని, "సీలు కొత్తదేశావు సరే అల్లుడూ, షాఫ్టు సంగతేంటి? గోరుతో నిలువునా గీకి చూడు" అన్నారు. గీకితే సరిగ్గా సీలు కూర్చునే చోట గోరు తట్టుకుంది. కంటికి మెరుస్తూ కనబడే సన్నటి గాడి.

"రబ్బరు ఇనుముని అరగదీయడమేంటి మామయ్యా?"

"రబ్బరు కాదురా. దానికింద చేరిన ఇసుక."

జార్జియా ఎర్రమట్టి సన్నటి పొడిగా నీళ్ళలో తేలుతూ, సీలు పెదవికింద చేరి, ఏళ్ళతరబడి ఆకురాయిలా షాఫ్ట్‌ని రాసింది. కొత్త సీలు ఆ గాడిలో ఎలా ఆనుతుంది? దీనికి మందు, గాడిమీద తొడిగే పలచటి స్టెయిన్‌లెస్ తొడుగు. మందం పావు మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి సీలు సైజు మార్చక్కర్లేదు. మామయ్య ఇంకో రెండు జాగ్రత్తలు చెప్పారు. షాఫ్ట్ చివరి పళ్ళు సీలు పెదవిని కోసేస్తాయి, దూర్చేముందు వాటికి టేపు చుట్టాలి. గ్రీజు గన్‌తో బలంగా కొట్టకూడదు, ఆ ఒత్తిడికి సీలు ఎగిరి బయటికొస్తుంది. మొదటిసారి నేను టేపు చుట్టలేదు. ఆ సీళ్ళని తీసి చూస్తే ఒకదాని పెదవిమీద చిన్న గాటు కూడా కనబడింది. మామయ్యకి ఆ సంగతి చెప్పలేదు.

రెండోసారి మిత్రులిద్దరూ వచ్చారు. ఒకాయన టార్చి పట్టుకున్నాడు, ఇంకొకాయన టేపు చుట్టాడు. సీలెంటు ఆరడానికి ఒక రోజు వదిలి, మర్నాడు ర్యాంపు మీద గంటసేపు కూర్చున్నాం. టవల్ పొడిగానే ఉంది.

బిల్జ్ పంపు తీసెయ్యలేదు, తీసెయ్యకూడదు కూడా. కానీ అది నడిచిన ప్రతిసారీ ఒక అంకె పెరిగేలా చిన్న కౌంటరొకటి వైర్లకి తగిలించి, స్టీరింగు పక్కన బిగించాను. ఆఫీసులో రీస్టార్ట్ స్క్రిప్టు ఆపి, అసలు లీకు వెతికి పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఎవరో తెరిచి మూయని డేటాబేస్ కనెక్షన్. ఆ ఎవరో నేనే.

పోయిన సీజన్ మొత్తానికి కౌంటరు మీద అంకె 3. రెండుసార్లు వాన. మూడోది మా చిన్నది ఒంపేసిన ఐస్‌బాక్సు నీళ్ళు.