అంకెలకు అందని తృప్తి

2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ 'లైక్' మీటను ప్రవేశపెట్టింది. మెచ్చుకోలు అంకెగా మారింది. పండుగ ఫొటో పెట్టి, ఎందరు మెచ్చారోనని మనం పదేపదే ఫోను తెరుస్తున్నాం. తోటివారికి ఎక్కువ వస్తే మనసు చివుక్కుమంటుంది. 2021లో ఇన్‌స్టాగ్రామే ఆ లెక్కను దాచుకునే వీలు కల్పించింది. కానీ తెరమీద అంకెను దాచినంత మాత్రాన మనసులోని ఆరాటం పోతుందా?

అది పోవాలంటే తృప్తిని మరోచోట వెతుక్కోవాలి. జబ్బుపడిన బంధువుకు సందేశం పంపి బాధ్యత తీరిందనుకుంటాం. మంచం పక్కన పది నిమిషాలు కూర్చుంటే ఆ ముఖంలో కలిగే వెలుగు ఏ అంకెకూ అందదు. దూరాన ఉన్నవారిని పలకరించడానికి ఫోను వరమే, కాదనలేం. దగ్గరివారిని దూరం చేస్తేనే ముప్పు. ఈరోజు అలాంటి ఒక్క గడప తొక్కుదాం. ఫొటో తీయకుండా తిరిగి వద్దాం.