పంపిన పైసలు అందలేదంటున్నారా? పక్షవాతం వెనకే వచ్చే మతిమరుపు

బురైదా క్యాంపుల్లో ఉండే మనలో చాలామంది తల్లిదండ్రులకు అరవై దాటాయి. శుక్రవారం ఫోను చేస్తే "పైసలు పంపలేదేంది బిడ్డా?" అంటారు. పంపి నాలుగు రోజులే అయివుంటుంది. అయిదు నిమిషాలకు మళ్లీ అదే మాట. ఇక్కడ కొడుక్కి కోపం, అక్కడ కోడలి మీద అనుమానం. ఆ పెద్దాయనకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి తగ్గిన సంగతి ఎవరికీ తట్టదు.

కాలూ చెయ్యీ ఆడితే లక్వా పోయిందనుకుంటాం. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతమే. దెబ్బ తగిలిన చోటు చేతిని నడిపేదైతే చెయ్యి పడిపోతుంది. జ్ఞాపకం, లెక్క, తెలివిడి చూసేదైతే అవి పోతాయి. దీన్నే డాక్టర్లు డిమెన్షియా అంటారు. పాత అధ్యయనాలన్నీ కలిపి ఆక్స్‌ఫర్డ్ వైద్యులు 2009లో లెక్క తీశారు. మొదటిసారి పక్షవాతం వచ్చినవారిలో సుమారు పదిమందికి ఒకరికి ఇది కొత్తగా వస్తోంది. రెండోసారి కూడా వస్తే మూడోవంతు మందికి పైనే.

అల్జీమర్స్ మెల్లమెల్లగా ముదురుతుంది. ఇది తరచు మెట్లు దిగినట్టు ఉంటుంది. కొన్నాళ్లు నిలకడ, ఒక్కసారిగా కిందికి. పని మొదలుపెట్టలేకపోవడం, అడుగులు చిన్నవైపోవడం, ఊరికే ఏడవడం కూడా ఉంటాయి. ముసలితనంలో రెండూ కలిసి రావచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే మతి తప్పితే మాత్రం మూత్రంలో ఇన్‌ఫెక్షనో, షుగర్ పడిపోవడమో కావచ్చు. వెంటనే చూపిస్తే నయమవుతుంది.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో నూటికి 40 మందికి ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది. ఒకే భాషవారిలో 20 మందికే. తెలుగు, ఉర్దూ, అరబ్బీ కలిపి కొట్టే మనకిది సంతోషమే గానీ, బీపీ మాత్రకు బదులు కాదు.

అసలు తంటా ఆ మాత్రతోనే. బీపీ నార్మల్ అయిందని మానేస్తారు. మాత్ర వేసుకుంటున్నందుకే నార్మల్ అయింది! రెండో దెబ్బ రాకుండా ఆపేవి ఆ మాత్రలు, షుగర్ అదుపు, బీడీ మానడం. ఫోనులో "బాగున్నావా" అనడంతో ఆపకుండా మాత్రలు ఎన్ని మిగిలాయో అడగండి.

మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట ముద్దగా వచ్చినా పసరు మందు అనకుండా 108కి ఫోను చేయమనండి. గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. ముందు స్కాన్ తీయాలి కాబట్టి ప్రతి నిమిషమూ లెక్కే.

ఇక పైసల గొడవ. పెద్దాయనతో వాదించొద్దు. పంపిన తేదీ, మొత్తం గోడ క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఆయనకు తెలివి బాగున్నప్పుడే, ఆయన ఇష్టంతోనే ఖాతాలో ఇంకో నమ్మకమైన పేరు చేర్పించండి. మతి తప్పాక వేలిముద్ర ఎవరైనా వేయించుకోగలరు.